తేటబడ్డ నీళ్లన్నీ తాగే నీళ్లు కావు!

ఈరోజు మునగ గింజలతో బురదనీళ్లు ఎలా తేర్చాలో చెప్తాను. ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

మాది గోదావరి లంక ఊరు. 2022 జులై వరదలకి కరెంటు పోయింది, ఊళ్లో ఆర్వో ప్లాంటు ఆగిపోయింది. పడవలో వచ్చే వాటర్ టిన్నులు సరిపోలేదు. బిందెలో చూస్తే ఎర్రనీళ్లు! మా నాయనమ్మ వాళ్లు పూర్వం కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారట. అది దొరకలేదు. దొడ్లో మునగచెట్టు ఉందిగా, ఎండుకాయలు కోసి గింజలు వాడా. రెండు గంటల్లో నీళ్లు అద్దంలా తేటబడ్డాయి. సంబరంగా గ్లాసుడు తాగేశా. రాత్రికి వాంతులు, విరేచనాలు. పడవలో ఆసుపత్రికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించారు.

"ఒరేయ్, తేటపడితే చాలా? కాచక్కర్లేదా?" అంది నాయనమ్మ. పాయింటంతా అదే ఫ్రెండ్స్.

మునగ గింజలోని ప్రొటీన్‌కి పాజిటివ్ చార్జ్ ఉంటుంది. బురద రేణువులది నెగెటివ్. రెండూ అతుక్కుని, బరువెక్కి అడుక్కి దిగుతాయి. వాటితో పాటు క్రిములు కూడా చాలావరకు దిగుతాయి, కానీ అన్నీ కాదు. ఆ మిగిలినవే నన్ను పడుకోబెట్టాయి.

ఇప్పుడు పద్ధతి వినండి. బాగా ఎండిన కాయలోంచి గింజలు తీసి, పైపొట్టు ఒలిచి, తెల్లపప్పు మెత్తగా నూరండి. బాగా బురదగా ఉంటే లీటరుకి ఒక గింజ, మామూలుగా ఉంటే రెండు లీటర్లకి ఒకటి. కొంచెం మంచినీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, ఆ పాలు బిందెలో పోయండి. ఒక నిమిషం గబగబా, తర్వాత 5 నిమిషాలు మెల్లగా తిప్పండి. రెండు గంటలు కదపకండి. పైతేట మాత్రం వంచుకుని, తెర్లేదాకా కాచి చల్లార్చండి. ఆ రోజే వాడేయండి, నిల్వ ఉంచితే పాడవుతాయి.

ఇంకో మాట. ఫ్లోరైడ్, ఉప్పదనం ఉన్న నీళ్లకి దీన్ని నమ్ముకోకండి. చిల్లగింజ అనుకుని అడవిలో ఏదో ఒక గింజ ఏరకండి. దాని జాతిదే ముష్టి గింజ, అది విషం.

వరద ఊళ్లలో మనవాళ్లుంటే ఈ ఎపిసోడ్ పంపండి. "కాచి తాగండి" అని మాత్రం నోటితో కూడా చెప్పండి. ఉంటాను!