శ్రోత దాతయా, సభ్యుడా?



ఈ స్మారకోపన్యాసమునకు నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞుడను. నాకంటె అర్హులు పలువురు కలరని మర్యాదకు చెప్పవలసియున్నది కాని, నేటి విషయమున నాకంటె చిరకాలము తగవులాడినవారు లేరని నా నమ్మకము, కావున ఒప్పుకొంటిని.

ఎవరి పేర ఈ ఉపన్యాసనిధి యేర్పడినదో ఆ మాష్టారి పాండిత్యమును గూర్చి వారి శిష్యులు ఈ వేదికనుండియే విస్తరించి చెప్పియున్నారు. నేను చెప్పగలది వారి రేడియోను గూర్చి మాత్రమే. వసారాలో, తెల్లగుడ్డ ముసుగు కప్పిన వాల్వు రేడియో యొకటి యుండెడిది. మేము పిల్లలము అరుగుమీద కూర్చుండి వినవచ్చును. దగ్గినవానిని మాత్రము వీధిలోనికి పంపివేసెడివారు. ఆ పెట్టెకంటె నాకు గుర్తున్నది దాని లైసెన్సు పుస్తకము. ఏటేట తపాలా కచేరికి పోయి, రుసుము కట్టి, అందులో బిళ్ల అంటింపించి ముద్ర వేయించుకొని వచ్చి, "మనకును ఇందులో వాటా కలదురా" అనెడివారు. ఆ వాటా యెంత యని ఒకనాడు నేనడిగితిని. వారు బదులు చెప్పలేదు. నా ఉపన్యాసమంతయు ఆ బదులు కొరకే.

ఆ వాటా ప్రశ్నయే నేడు, సముదాయము తానే నడుపుకొను కమ్యూనిటీ రేడియో విషయమున నిలిచియున్నది. అది మన దేశమున పుట్టిన క్రమము సభవారెఱుగనిది కాదు. ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తేల్చుటయు, అందు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి వేరుగ తీర్పు వ్రాయుటయు, 2002లో విద్యాసంస్థలకును 2006లో స్వచ్ఛంద సంస్థలకును అనుమతి దొరకుటయు, 2008 అక్టోబరు 15వ తేదీన జహీరాబాదు చెంత మాచునూరులో దళిత స్త్రీల చేతిమీదుగ సంఘం రేడియో మ్రోగుటయు పలుమారులు విన్న సంగతులే. సొత్తు ప్రజలదైనపుడు పెత్తన మెవరిది? ఈ ప్రశ్నకు నిక్కమైన పరీక్ష జరిగినది అమెరికాలో, బర్క్‌లీ నగరమున.

లూయిస్ హిల్ అను యుద్ధవిముఖుడు 1946లో పసిఫికా ఫౌండేషనును స్థాపించి, 1949 ఏప్రిల్ 15న కె.పి.ఎఫ్.ఏ. కేంద్రమును ప్రారంభించెను. ప్రకటనలు లేవు, శ్రోతల చందాయే ఆధారము. వినగలవారిలో నూటికి ఇద్దరు చందా కట్టిన చాలునని ఆయన లెక్క. ఐదు నగరములకు వ్యాపించిన ఆ సంస్థ పాలకమండలి, 1999 ఫిబ్రవరిలో, స్థానిక సలహామండలులకు తనలోనికి ప్రతినిధులను పంపుటకు గల హక్కును తొలగించి, ఇకమీద తన సభ్యులను తానే ఎన్నుకొందునని తీర్మానించెను. ప్రభుత్వనిధులను పంచు సంస్థ నిబంధన అట్లున్నదని సాకు. మార్చిలో కేంద్రనిర్వాహకురాలిని తొలగించిరి. జూలై 13న ఒక ప్రసారకుని స్టూడియోనుండి ఈడ్చుకొనిపోవునపుడు ఆ పెనుగులాట ఆకాశమార్గముననే వినబడెను. పిమ్మట తలుపులకు తాళములు పడినవి. కేంద్రమును అమ్మివేయు ఆలోచన గల ఈ-మెయిల్ ఒకటి చేరరాని చోటికి చేరుటతో గుట్టు రట్టయ్యెను. శ్రోతలు వీధిలో గుడారములు వేసిరి, వేలకు వేలుగ ఊరేగిరి, న్యాయస్థానమున దావాలు వేసిరి. 2001 డిసెంబరులో రాజీ కుదిరినది. 2003 నాటి నిబంధనావళి ప్రకారము ఒక్కొక్క కేంద్రసభకు 24 మంది. అందు 18 మందిని శ్రోతలు, ఆరుగురిని పనివారు ఎన్నుకొందురు. ఏడాదిలో 25 డాలర్లు కట్టినవాడు గాని, మూడు గంటలు ఊరక పనిచేసినవాడు గాని ఓటరు.

ఇచ్చట పూర్వపక్షము: హిల్ మహాశయుడే శ్రోతకు ఓటీయలేదు గదా! నిజమే, ఆయన యేర్పాటులో అధికారము పనివారి చేతిలో నుండెను. అయితే ఏమి జరిగెను? 1953లో అంతఃకలహములచేత స్థాపకుడే వెడలిపోయి మరుసటియేట తిరిగి రావలసివచ్చెను. కావున ఓటువలన కలహములు పుట్టినవను రెండవ ఆక్షేపణము కూడ ఈ ఒక్క యుదాహరణముచేత కూలుచున్నది. మాథ్యూ లాసర్ ఈ సంస్థను గూర్చి 1999లో ఒకటి, 2005లో ఒకటి గ్రంథములు వ్రాసెను. రెంటిని పక్కపక్కన పెట్టి చదివినవానికి ఈ తగవు ఓటుకంటె అర్ధశతాబ్ది పెద్దదని తోచక మానదు. 1999 నాటి తాళములు వేసినదో, శ్రోతలెవరును ఎన్నుకొనని మండలి!

మూడవది బలమైన ఆక్షేపణము; దాటవేయను. ఎన్నికైన సభల కాలముననే న్యూయార్కు కేంద్రము ఎంపైర్ స్టేట్ భవనముపై ఏంటెనాకు అద్దె బాకీపడగా, 2017లో సుమారు 18 లక్షల డాలర్లకు తీర్పు వచ్చినది. పదవవంతు ఓటర్లు ఓటు వేయుటయే గగనమైన ఎన్నికలును కలవు. ఇందువలన తేలునది ఓటు చెడ్డదని కాదు. పద్దు చూడని ఓటు గ్రుడ్డిదని. చందాల కాలమున ఓడమల్లయ్య, తీరము చేరిన పిదప బోడిమల్లయ్య అయిన శ్రోతకు, ఓటుతోబాటు లెక్కల పుస్తకమును చేతికీయవలెను.

ఇక మన దేశపు 2006 నాటి కమ్యూనిటీ రేడియో మార్గదర్శకములు యాజమాన్యము సముదాయమునకు అద్దము పట్టవలెనన్నవి. 2024 నాటివి సలహాసంఘమున సగముమంది స్త్రీలుండవలెనన్నవి. సంతోషము. కాని బర్క్‌లీ తగవులో హక్కు కోల్పోయినవియు సలహామండలులే యని మరువరాదు. సలహా చెప్పువాడు వేరు, సమ్మతి తెలుపవలసినవాడు వేరు.

తుదకు, నేనిప్పుడు చేయుచున్న పనిని గూర్చి ఒక మాట. మన శ్రోతలు రేడియో కేంద్రములకు వ్రాసిన ఉత్తరములను సేకరించుచున్నాను. మాష్టారి ట్రంకుపెట్టెలో కార్బను నకళ్లు నలువదికి పైగా దొరికినవి. పాటలు కోరినవి రెండే. తక్కినవన్నియు ఒక్కటే అడుగుచున్నవి: మేము కట్టిన రుసుము దేనికి ఖర్చయినది? ఒక్కదానికిని జవాబు లేదు. లైసెన్సే 1980ల దశాబ్దములో రద్దయినది. ప్రశ్న రద్దు కాలేదు. మీ యిండ్లలో ఇట్టి ఉత్తరములున్నచో చిత్తుకాగితములవానికి తూచి ఈయక నాకు పంపుడు. తపాలా ఖర్చు నాది.