సాల్మన్ చేపకూ మన వంకకూ ఏం సంబంధం?

రాయదుర్గం నుంచి మాట్లాడుతున్నా.

మొన్న సియాటిల్‌లో ఉండే నా బీటెక్ ఫ్రెండ్ ఒక వీడియో పంపాడు. అక్కడ పక్కనే ఇసాక్వా అని ఒక ఊరు. ఊరి మధ్య వాగులో సాల్మన్ చేపలు ఎదురెక్కుతున్నాయి. ఈ చేప వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన వాగుకే వస్తుంది. నీళ్ళ వాసనతో దారి గుర్తుపడుతుంది. ఆ ప్రాంతంలో వాలంటీర్లు సెలవు రోజుల్లో వాగు గట్ల మీద చెట్లు నాటుతారు. నీడ ఉంటే నీళ్ళు చల్లగా ఉంటాయి. గట్టు మట్టి జారి గులకరాళ్ళను కప్పేస్తే, వాటి మధ్య ఉన్న గుడ్లకు ఆక్సిజన్ అందదు. అంటే చేప బతకాలంటే ముందు వాగు బతకాలి.

మనకూ పులస ఉంది కదా, సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతుంది. "అది గోదావరి బ్రో, మన సీమలో తాగడానికే నీళ్ళు లేవు, చేపల గొడవెందుకు?" అంటారు. నేనూ అదే అన్నా. తర్వాత మా తాత మాట గుర్తొచ్చింది. తొలి వానకు వంక పారితే చెరువులోని పరిగెలు కొత్తనీటికి ఎదురెక్కేవంట. పిల్లలు పంచె పరిచి పట్టేవాళ్ళంట. నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మరి మన దగ్గర వంకను బతికించినవాళ్ళు లేరా? ఉన్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి ముష్టికోవెల చెరువు పైనున్న బోడిగుట్టలను కాపాడటం మొదలుపెట్టింది. అదే ఇప్పటి కల్పవల్లి. అక్కడ పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. కాపలా పెట్టారు, ఎండాకాలం మంటలు పాకకుండా గడ్డి కోసి దారులు తీశారు. గడ్డి నిలబడింది, వాన నీళ్ళు నేలలోకి దిగాయి, వంకల పక్కన ఈతచెట్లు లేచాయి. తర్వాత గాలిమరల కోసం గుట్టల మీద రోడ్లు వేస్తే, ఆ రైతుల సొసైటీ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. కాపాడటం అంటే మొక్క నాటి ఫొటో దిగడం కాదు.

ఇప్పుడు మన వేదవతి సంగతి, అదే మన హగరి. 2022లో కర్ణాటకలో వాణీవిలాస సాగర్ 1933 తర్వాత మళ్ళీ పొర్లింది. ఆ నీళ్ళు మన భైరవానితిప్ప ప్రాజెక్టుకు చేరాయి. బైకులేసుకుని పోయి సెల్ఫీలు దిగాం. మరి ఆ నీళ్ళను నేలలో పట్టి ఉంచేది ఏది? ఇసుక. సాల్మన్‌కు గులకరాళ్ళు ఎట్లాగో మన బావులకు ఇసుక అట్లా. అది తీసేస్తే వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి.

ఒక నిజం చెప్పాలి. మా ఇంటి మేడకు వేసిన ఇసుక కూడా వంకదే. అప్పుడు "ఎక్కడిది?" అని నేను అడగలేదు. వేరేవాళ్ళను తిట్టే ముందు ఇది చెప్పకపోతే తప్పు.

అందుకే ఈ వానాకాలం లోపల ఒక పని. మీ ఊరి చెరువుకు నీళ్ళు తెచ్చే వంక వెంట ఒక ఆదివారం పైదాకా నడవండి. ఎక్కడ చెత్త అడ్డుపడింది, ఎక్కడ గట్టు తెగింది, ఎక్కడ ఇసుక గుంతలున్నాయి, ఫోన్లో ఫొటోలు తీసి పంచాయతీలో చూపించండి. నేను మా వంకతో మొదలుపెడుతున్నా.

మీ వంక పేరేంటో కామెంట్లో రాయండి. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.