అద్దె కోసం ఇల్లు కొనేముందు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముతో ఫ్లాటు కొని అద్దెకిస్తే నిశ్చింత అని మనలో చాలామంది అభిప్రాయం. ఒక్కసారి లెక్క వేద్దాం. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 15 వేలు అద్దె వస్తుందనుకోండి. ఏడాదికి 1,80,000. అంటే 3 శాతం. అందులోంచి ఇంటి పన్ను, రంగులు, ఖాళీగా ఉన్న నెలలు తీసేయాలి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం పరిమితిని 2023 ఏప్రిల్‌లో 30 లక్షలకు పెంచారు. అప్పటి వడ్డీ 8.2 శాతం. ఆ రేటున సగం సొమ్ము మీదే ఏడాదికి 2,46,000 వస్తుంది. అద్దెకు ఆదాయపు పన్నులో 30 శాతం మినహాయింపు ఉన్నమాట నిజమే. అయినా తేడా తేడాయే.

ఇంటి ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగవచ్చు. ఆసుపత్రి బిల్లు వచ్చిందని వంటగది ఒక్కటే అమ్ముకోలేం కదా!

అయినా కొనేవారు ముప్ఫయ్యేళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. ఫ్లాటుకు వచ్చే స్థలం వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూసుకోండి. ఏడాది దాటిన అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలల కాగితం వాడుక అందుకే. తెలిసినవాళ్లే కదా అని కాగితం లేకుండా తాళాలు ఇవ్వకండి.

ఇక అసలు సంగతి. "నాన్నా, నా పేర రాసెయ్" అని పిల్లలు అడగవచ్చు. అడగడం తప్పు కాదు. రాయదలిస్తే, మా పోషణ చూడాలనే షరతు గిఫ్టు డీడులోనే రాయించండి. షరతు తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయవచ్చు. మనసులో పెట్టుకున్న షరతును నిరూపించడం కష్టం. వీలునామా అయితే బతికున్నంతకాలం అద్దె మీ చేతికే వస్తుంది, కావాలంటే మార్చి రాసుకోవచ్చు.

సందేహాలుంటే భోజనాల తర్వాత అడగండి. సెలవు.