పండుగ దస్తర్‌ఖాన్, ఆడబిడ్డ వాటా

(బక్రీద్‌కు ముందు జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగనాడు బంధుజనమంతా ఒకచోట చేరే మన ఆచారం గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. సంతోషకరమైన విషయం కనుక నాలుగు తీపి మాటలు చెప్పి కూర్చోవచ్చు. కానీ హక్కుల కొరకు పనిచేసేవారు కూడిన సభలో అంతటితో ఆగడం సమంజసం కాదనిపించింది.

రంజాన్ ఇంటింటికీ తిరిగే పండుగ. ఇక్కడొక గిన్నెడు, అక్కడొక గిన్నెడు షీర్‌ఖుర్మా తాగి సాయంత్రానికి మన ఇంటికి మనం చేరుకుంటాము. బక్రీద్ అలా కాదు; అది అందరినీ దాదా ఇంటికి రప్పిస్తుంది. జుల్‌హిజ్జా 10వ తేదీ మొదలు మూడు రోజుల వరకు ఖుర్బానీకి అవకాశం ఉన్నందున, బస్సులు దొరకక ఆలస్యమైనవారు సైతం మరునాటికి వచ్చి కలుస్తారు. కర్నూలు నుండి ఒకరు, బెంగుళూరు నుండి ఒకరు, సెలవు దొరికితే దుబాయి నుండి మరొకరు వస్తారు. ఈద్గాహ్ నుండి మగవారు తిరిగి వచ్చేసరికి వంటింట్లో అల్లం వెల్లుల్లి నూరడం పూర్తయి ఉంటుంది. మొదట కలేజీ వేపుడు, మధ్యాహ్నానికి బిర్యానీ, రాత్రికి పాయా. పిల్లలు ఎవరి బిడ్డ ఎవరో తెలియనంతగా కలిసిపోతారు. రక్తసంబంధాన్ని తెగనివ్వకపోవడాన్ని మన ధర్మం సిలా రహ్మీ అన్నది. దానికి ఇంతకంటే కంటికి కనిపించే రూపం మరొకటి లేదు. (ముప్పై మంది తిన్న పళ్ళాలను ఎవరు కడుగుతారన్నది వేరే ప్రసంగానికి సరిపడే విషయం. దానిని మా కోడళ్ళు చెబితేనే బాగుంటుంది.)

ఆనాడు జరిగే పనులలో ఒకదానిని గమనించమని మనవి. అది పంపకం. మాంసాన్ని ఇంటికి, బంధువులకు, పేదలకు అని మూడు భాగాలు చేయడం మంచిదని పెద్దలు చెప్పారు. పెద్ద పశువులో ఏడుగురు భాగస్వాములైతే ఏడు వాటాలూ సమానంగా ఉండాలి. అందాజుగా పంచితే మన ఉలమా ఒప్పుకోరు, తూకం వేయమంటారు. కనుకనే ప్రతి ఇంటి వాకిట్లో ఆనాడు త్రాసు కనిపిస్తుంది. ఒక వాటాకు వంద గ్రాములు తగ్గితే వేరొక దానినుండి ముక్క తీసి ఇందులో వేస్తారు. చూడముచ్చటైన నిజాయితీ అది.

ఆ త్రాసు వద్దనే ఒక ఫూఫీ కూర్చుని ఉంటుంది. ఆమె తండ్రి పోయి ఏళ్ళు గడిచి ఉంటాయి. తండ్రి పొలం అన్నదమ్ముల పేర ఎక్కి ఉంటుంది. పండుగకు వచ్చిన ఆమెకు చీర పెడతారు, గాజులకని చేతిలో కొంత ఈదీ పెడతారు, తిరుగు ప్రయాణానికి క్యారియరు నిండా మాంసం కట్టి ఇస్తారు. ఆమె వాటా సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఎత్తదు. ఎత్తితే వచ్చే ఏడు ఈ గుమ్మంలో ఎలాంటి ముఖాలు ఎదురవుతాయోనని ఆమె భయం.

ఈ అన్యాయం మనకు కొత్త కాదు, దీనికి తీర్పు కూడా కొత్త కాదు. ఉహుద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ (రజి) అమరులైన తరువాత ఆయన ఆస్తినంతా సోదరుడు స్వాధీనం చేసుకున్నాడు. ఆయన భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి మొరపెట్టుకున్నది. వారసత్వ ఆయతులు అవతరించాక, ప్రవక్త (స) ఆ సోదరుని పిలిపించి, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదవ వంతు ఇవ్వమని, మిగిలినది మాత్రమే అతనిదని తీర్పు చెప్పినట్లు హదీసులు తెలుపుతున్నాయి. అంటే పినతండ్రి మింగిన ఆస్తిని ఆడపిల్లలకు కక్కించిన సందర్భం అది.

లెక్క కూడా కష్టమైనది కాదు. తల్లిదండ్రులు ముందే గతించిన ఒక వ్యక్తి, భార్యను, ఇద్దరు కొడుకులను, ముగ్గురు కూతుళ్ళను వదలి చనిపోయాడనుకోండి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, చెల్లుబాటయ్యే వసియ్యత్ పోగా ఎనిమిది ఎకరాలు మిగిలింది. భార్యకు ఒక ఎకరం, ఒక్కొక్క కూతురికి ఒక ఎకరం, ఒక్కొక్క కొడుక్కి రెండు ఎకరాలు. త్రాసు పట్టగలిగినవారికి ఈ మాత్రం పంపకం చేతకాదా? కూతురికి కొడుకు వాటాలో సగమే ఎందుకని ప్రశ్నించే సోదరీమణులు ఇక్కడ ఉన్నారు. ఆ చర్చ జరగవలసిందే. అయితే ఆ సగం కూడా చేతికి రాని ఇళ్ళలో, సగం గురించి వాదించి గెలిచే మగవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది.

పొలానికి షరియత్ వర్తించదని చెప్పే పెద్దమనుషులు కొందరున్నారు. 1937 నాటి షరియత్ అన్వయ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. పల్లెల్లో అసలైన ఆస్తి ఏదో అదే బయట ఉండిపోయింది. కానీ 1949లో మద్రాసు చేసిన సవరణ ఆ మినహాయింపును తొలగించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసులోనివే. మరికొందరు, అబ్బాజాన్ బ్రతికుండగానే మాకు నోటిమాటగా హిబా చేశారంటారు. హిబాకు ఇచ్చేవారి ప్రకటన, పుచ్చుకునేవారి అంగీకారం, ఆస్తి స్వాధీనం అనే మూడూ ఉండాలి. తండ్రి చివరి వరకు తానే కౌలు వసూలు చేసుకుంటూ ఉంటే ఆ స్వాధీనం ఎక్కడ జరిగినట్లు?

ఇక సంతకాల సంగతి. అందరూ ఒకచోట దొరికేది పండుగనాడే కనుక హక్కు విడుదల పత్రాలు కూడా ఆనాడే బయటికి వస్తాయి. చెల్లెలు చేతులు కడుక్కుని వచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉంటుంది. తండ్రి జీవించి ఉండగా వారసులకు ఆస్తిలో హక్కే పుట్టదు. పుట్టని హక్కును వదులుకున్నానని రాసినా సాధారణంగా అది చెల్లదు. అయితే ప్రతిఫలం తీసుకుని రాసి ఇస్తే, తరువాత వాటా అడగడానికి అది అడ్డు కావచ్చునని సుప్రీంకోర్టు 1972లో చెప్పింది. కనుక సోదరీమణులారా, బిర్యానీ తిన్న చేత్తో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. చదివించుకోండి, ఒక వకీలుకు చూపండి.

ఇలాంటి మాటలు బహిరంగంగా అంటే మన వ్యతిరేకులకు ఆయుధం ఇచ్చినట్లవుతుందని ఒక మిత్రుడు హెచ్చరించారు. వారికి మన ఆడబిడ్డల మీద ఎంత ప్రేమ ఉన్నదో మనకు తెలుసు. కానీ సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది మొదలు ప్రభుత్వాన్ని మన వాటా అడుగుతూనే ఉన్నాము. నాలుగు శాతం రిజర్వేషన్ కొరకు కోర్టుల చుట్టూ తిరిగాము. వక్ఫ్ భూముల కబ్జా మీద ధర్నాలు చేశాము. ఆ ధర్నాలలో బిడ్డలను చంకన వేసుకుని కూర్చున్న స్త్రీలకు, వారి అన్నదమ్ముల వద్ద ఇరుక్కుపోయిన భూమి సంగతి ఏమిటని అడగడం ఉద్యమాన్ని బలహీనపరచదు.

ఈ బక్రీద్‌కు ప్రతి ఇంట ఒక పని చేయమని కోరుతున్నాను. భోజనాలయ్యాక, అందరూ కదలకముందే, పట్టాదారు పాసుపుస్తకం తెచ్చి దస్తర్‌ఖాన్ మీద పెట్టండి. దాదా వారసులెవరో తెల్లకాగితం మీద రాయండి. ఫూఫీల పేర్లు, చనిపోయిన ఫూఫీల పిల్లల పేర్లు కూడా విడువకండి. తరువాత తహసీల్దారు కార్యాలయంలో మ్యుటేషన్‌కు కలిసి వెళ్ళండి. ‘నాకు వద్దు భాయీజాన్, నువ్వే ఉంచుకో’ అనే ఆపాలు తప్పక ఉంటారు. ఆమె మాటను అప్పుడే పట్టుకోకండి. ఇందాక చెప్పిన హిబా నియమం ఆమెకూ వర్తిస్తుంది: తన స్వాధీనంలో లేనిదానిని ఆమె ఎలా ఇవ్వగలదు? మొదట భూమి ఆమె పేర ఎక్కించండి, ఒక పంట ఫలసాయం ఆమె ఇంటికి చేర్చండి. మళ్ళీ బక్రీద్ నాటికి కూడా ఆమె వద్దనే అంటే, అప్పుడు వినండి.