‘ఎందుకు’ అని అడిగే ముందు



మన ఐరాల పక్క బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి?’ అని సూటిగా అడిగితే పెద్దవాళ్లు కోప్పడతారు, పోయే పని చెడుతుందని. ‘ఎందాకా?’ అంటే ఏ బాధా లేదు. ఇంట్లో మన ఉర్దూలో ‘కైకు’ అనే మాటా అంతే. నవ్వుతూ అంటే పలకరింపు, గొంతు పెంచితే తగువు.

ఇవన్నీ తెలిసిన మేమే బడిలో తప్పు చేశాం. జూన్‌లో పదో తరగతి పాప నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు అందరి ముందర ‘ఎందుకు రాలేదు?’ అన్నాం. ‘జ్వరం సార్’ అంది. మరుసటి రోజు నుంచి మళ్లీ రాలేదు. ఇంటికి పోయి అరుగు మీద కూర్చుని ‘అన్నం తిన్నావామ్మా?’ అని మొదలుపెట్టాం. కాసేపటికి వాళ్లమ్మే చెప్పింది. జ్వరం లేదు, ఏమీ లేదు. తాను మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతే చంటోణ్ణి చూసుకునే దిక్కు లేదు.

మెత్తగా అడిగితే అబద్ధాలు చెబుతారని మనలో కొందరి అనుమానం. మేము అబద్ధం విన్నది గట్టిగా అడిగినప్పుడే.

స్కాలర్‌షిప్ విచారణకు పోయే మన పిల్లలు భర్త లేని ఆమెను ‘మీ ఆయన ఏం చేస్తాడు?’ అని అడిగేస్తున్నారు. ‘ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?’ అన్నా ఆ వివరమే వస్తుంది కదా. మన అర్జీలో ‘సాయం ఎందుకు కావాలి?’ అనే వరుస ఉంది. దాన్ని తీసేసి, ‘ఈ ఏడు ఏ ఖర్చుకు ఇబ్బందిగా ఉంది?’ అని వేయించమని కమిటీని కోరుతున్నాం. అచ్చు ఖర్చు మేము పెట్టుకుంటాం.