బలిపీఠం వెనుక బొమ్మ

పట్టిసీమ వీరభద్రుణ్ణి చూడాలంటే గోదావరి దాటాలి. మన గుళ్ళలో నివేదన వేళ తెర వేస్తే, తీసేదాకా ఆగాలి కూడాను. ఐరోపా చర్చిల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉండేదండీ. బలిపీఠం వెనుక చెక్కపలకల మీద క్రీస్తు కథ చిత్రించి, తలుపుల్లాంటి రెక్కలు బిగించేవారు. వాటిని మామూలు రోజుల్లో మూసి, పండుగనాడు తెరిచేవారు. రోజూ కనబడనిదానికే కదా ఆత్రం! బెల్జియంలోని గెంట్‌లో వాన్ ఐక్ సోదరుల పలకలు 1432లో పూర్తయ్యాయి. వాటిలో ఒకటి 1934లో దొంగల పాలై నేటికీ దొరకలేదు.

మన మెదక్ చర్చిలో ఆ చోట ఉన్నది రంగు గాజుల కిటికీ. అందులో క్రీస్తు ఆరోహణం. కరువు రోజుల్లో పోస్నెట్ దొరగారు పేదలకు పనీ తిండీ చూపిస్తూ కట్టించిన చర్చి అది, 1924లో ప్రారంభమైంది. ఈ బొమ్మకు రెక్కల్లేవు. ఎండే దాని తలుపు. పొద్దుగూకితే, లోపల ఎన్ని దీపాలు పెట్టినా రంగులు కనిపించవు. వెళ్ళేవారు పగలే వెళ్ళండమ్మా.