గవర్నరు లేని రేవుపట్టణము



యూరపు పటము తెరచి చూచినచో ఏడ్రియాటిక్ సముద్రపు ఉత్తరపు కొసను ట్రియెస్టు అను రేవుపట్టణము కనబడును. 1918 వరకు అది ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యమునకు ముఖ్యమైన ఓడరేవు. ఆ సామ్రాజ్యము కూలిన పిమ్మట ఇటలీ వశమయ్యెను. పట్టణమున హెచ్చుమంది ఇటాలియనులు. చుట్టుపట్ల పల్లెలలో స్లొవీనులు. రెండవ ప్రపంచయుద్ధము ముగియగానే ఇటలీ ‘మాది’ యనెను. యుగోస్లావియా ‘మాది’ యనెను.

ఎవ్వరికిని ఈయక, 1947 నాటి ప్యారిస్ సంధిలో అగ్రరాజ్యములు దానిని పరిసరములతో కూడ ‘స్వతంత్ర ప్రాంతము’ గావించి, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి పూచీక్రింద నుంచినవి. గవర్నరును ఆ మండలియే నియమింపవలెను. అతడు ఇటలీ పౌరుడు గాని, యుగోస్లావియా పౌరుడు గాని కారాదు. ఏర్పాటు వినుటకు సొగసుగనే యున్నది. కాని ఆ పీఠముపై ఎన్నడును ఎవ్వరును కూర్చుండలేదు. ఒకరు చెప్పిన పేరును వేరొకరు త్రోసిపుచ్చుచు వచ్చిరి. ఉమ్మడి చెరువునకు నీరుగంటిని కుదుర్చుకొనలేక తగవులాడు కక్షలను ఎరిగిన మనకిది వింత గాదు. గవర్నరు వచ్చువరకే యని చెప్పి, నగరమున్న ‘ఏ’ మండలమును బ్రిటిషు, అమెరికను సేనలును, దక్షిణపు ‘బి’ మండలమును యుగోస్లావు సేనయు ఏలినవి. ఆ ‘వరకే’ ఏడేండ్లు సాగెను.

1948 మార్చి 20వ తేదీన అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సులు ప్రాంతమునంతటిని ఇటలీకే ఈయవలెనని ప్రకటించినవి. ఆ ధర్మబుద్ధి ఆనాడే ఏల కలిగెను? ఏప్రిలు 18వ తేదీన ఇటలీలో ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలుతురేమో యను భయము. జూన్ నెలలో స్టాలినుకును టిటోకును చెడినది. నిన్నటి శత్రువైన టిటో పాశ్చాత్యులకు కావలసినవాడయ్యెను; చేసిన ప్రకటన మెడకు గుదిబండ యయ్యెను. 1949లో సోవియట్ రష్యా స్విట్జర్లాండు దేశీయుడగు ఫ్లూకిగరును గవర్నరుగా ప్రతిపాదింపగా, ఈమారు పాశ్చాత్యులే ఒల్లమనిరి.

1953 అక్టోబరులో, తాము వైదొలగి ‘ఏ’ మండలమును ఇటలీకి అప్పగింతుమని బ్రిటన్, అమెరికాలు చాటగా, ఇరుదేశముల సేనలు సరిహద్దున మోహరించినవి. నవంబరులో నగరవీధులలో ఆరుగురు కాల్పులకు బలియైరి. పటముపై ఆడిన చదరంగమునకు వెల చెల్లించినది వీరు.

మరుసటి యేడు లండనులో రహస్యముగ మంతనములు జరిగినవి. బ్రిటిషు, అమెరికను ప్రతినిధులు ముందు యుగోస్లావియా రాయబారితోను, పిదప ఇటలీ రాయబారితోను వేర్వేరుగ మాటలాడిరి. రష్యాకు పిలుపు లేదు. మండలి సభలో ఏండ్లతరబడి పొసగని పట్టువిడుపులు మూసిన తలుపుల వెనుక నెలలలో పొసగినవి. 1954 అక్టోబరు 5వ తేదీ ఒడంబడికతో, కొద్ది మార్పుతో ‘ఏ’ మండలము ఇటలీకిని, ‘బి’ మండలము యుగోస్లావియాకును దక్కినవి. అనగా సైనికులు గీచిన గీటే సరిహద్దయ్యెను! 1975 నాటి ఒసిమో సంధి దానిని స్థిరపరచెను.

గీటునకు ఇటలీవైపున చిక్కిన స్లొవీనులకు తమ భాషలో బడులుండునని ఒడంబడికలో వ్రాసిరి. ‘బి’ మండలమున తరతరములుగ కాపురమున్న ఇటాలియనులు వేలకొలదిగ ఇండ్లు, పొలములు విడిచి వలసపోయిరి. వారు విడిచిన ఊళ్ళు, 1991లో యుగోస్లావియా విచ్ఛిన్నమైన పిమ్మట, కొన్ని స్లొవీనియాలోను కొన్ని క్రొయేషియాలోను చేరినవి.